నాలుగు మార్కుల నొప్పి

3వ తేదీ, సోమవారం

సెలవు చీటీలో కారణం దగ్గర "సొంత పని" అని రాశాను. హెడ్ ప్రూఫ్‌రీడరు గారు కళ్ళజోడు పైకి జరుపుకుని ఆ రెండు మాటలనీ మూడుసార్లు చదివారు. వాటిలోనూ తప్పు దొరుకుతుందేమోనని ఆయన ఆశ.

"మూడు వారాలా! పెళ్ళా?"

"కాదండీ."

"మరి ఈ వయసులో మూడు వారాల సొంత పని ఏముంటుందమ్మా?"

"ఉందండీ."

సంతకం పెట్టారు. పెళ్ళి కాదనగానే ఆయనకి ఆసక్తి పోయింది. బరువు తగ్గడానికి పొట్టకి ఆపరేషన్ అని చెప్పి ఉంటే ఇంకా ఏమేం అడిగేవారో. అడిగితే ఏం చెప్పేదాన్నో తెలుసుకోవాలని నాకూ ఉంది.

ఈ నోటుబుక్కు పాత ప్రూఫు కాగితాలు కుట్టి చేసుకున్నది. ప్రతి కాగితానికీ ఒక పక్క ఏడో తరగతి భూగోళం, రెండో పక్క నేను.

5వ తేదీ, బుధవారం

ఆపరేషన్‌కి ముందు ఆస్పత్రి వాళ్ళు ఒక క్లాసు పెడతారు. ఆరుగురం వెళ్ళాం. గదిలో చేతుల్లేని కుర్చీలు వేశారు. ఎవరో ఆలోచించి వేసినవి. ఆఫీసులో నా కుర్చీ చేతుల మధ్య పట్టక స్టూలు మీద కూర్చుంటాను, నడుముకి అదే మంచిదని అందరికీ చెబుతాను. ఇక్కడ కూర్చోగానే ఏడుపొచ్చినంత పనైంది. తుమ్ము వచ్చినట్టు నటించాను.

సర్జన్ బోర్డు మీద జీర్ణాశయం బొమ్మ గీసి, నిలువునా ఒక గీత గీసి, మూడొంతులు తుడిచేశారు. మిగిలింది అరటిపండంత ఉంది. కోసిన అంచుని సన్నటి పిన్నులతో మూసేస్తారట.

నా పక్కన కూర్చున్నావిడ చెయ్యెత్తింది. ఆవిడ బస్సు కండక్టరు. గది అవతల ఉన్నవాళ్ళకి కూడా వినపడేంత గొంతు.

"తీసేసిన ముక్క మాకిస్తారా డాక్టరు గారూ?"

"ల్యాబుకి పంపుతామమ్మా. మీకెందుకు?"

"నలభై ఏళ్ళు మోశానండీ. ఒక్కసారి మొహం చూసుకోవద్దా?"

అందరూ నవ్వారు. నాకూ అదే ప్రశ్న ఉంది. నేను అడగలేదు.

తర్వాత నర్సు వచ్చి నొప్పి గురించి చెప్పింది. ఒక అట్ట మీద సున్నా నుంచి పది దాకా అంకెలు, వాటి కింద మొహాలు. సున్నా మొహం నవ్వుతోంది, పది మొహం ఏడుస్తోంది. "మీ నొప్పి ఎంతో మీరే అంకె వెయ్యాలి. ఐదు దాటితే మేం వెంటనే చూస్తాం. మీరు ఎంతంటే అంత నమ్ముతాం. చెప్పకపోతే మాత్రం మాకు తెలీదు" అంది.

పదికి మార్కులనగానే వ్యాసాల మదర్ గుర్తొచ్చారు. కాన్వెంటులో మాచేత వ్యాసాలు రాయించి దిద్దే ఆవిడ తన లెక్క మొదటి రోజే చెప్పేవారు. పది దేవుడికి. తొమ్మిది ఆవిడకి. ఎనిమిది, ఏడు, పుస్తకాలు అచ్చయిన వాళ్ళకి. మిగిలినవాటిలో మేం నలభైమందిమి సర్దుకోవాలి. ఆరేళ్ళలో నాకు వచ్చిన పెద్ద మార్కు నాలుగు. ఆ రోజు ఇంటికి పరిగెత్తుకెళ్ళాను. అప్పట్లో పరిగెత్తేదాన్ని.

6వ తేదీ, గురువారం

బరువు చూశారు. అంకె ఇక్కడ రాయను.

8వ తేదీ, శనివారం

ఆస్పత్రికి వేసుకెళ్ళడానికి అమ్మ గౌను కుట్టింది. అమ్మ టైలరు. ముందు గదిలో మిషను, వెనక గదిలో మేమిద్దరం. నా బట్టలన్నిటికీ లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలి కుడుతుంది. ఆరు నెలలకోసారి, నేను ఆఫీసుకి వెళ్ళాక, కుట్టు విప్పి వదులు చేసి మళ్ళీ బీరువాలో పెట్టేస్తుంది. తను చెప్పదు. నేను అడగను.

"దీనికీ వదిలావా?" అన్నాను, గౌను తిరగేసి.

"చెయ్యి అలవాటే."

"ఇక అక్కర్లేదేమోనమ్మా."

"ఉండనీవే. నిన్నేం అన్నం పెట్టమంటుందా."

నా చేతిలోంచి గౌను తీసుకుంటూ, "భయంగా ఉందా?" అంది.

"లేదు. నీకు?"

"నాకెందుకు?"

ఇద్దరం లేచి గబగబా కప్పులు కడగడం మొదలుపెట్టాం. ఉన్నవి రెండే కప్పులు.

10వ తేదీ, సోమవారం

పొద్దున ఏడు. ఇవాళే ఆపరేషన్. మత్తులో ఏం వాగుతానోనన్నదే నా భయం. కత్తి గురించి కాదు.

11వ తేదీ, మంగళవారం

ఉన్నాను. ఈ చేతిరాత నాదే.

12వ తేదీ, బుధవారం

మొన్నటిదీ నిన్నటిదీ రాయాలి, మర్చిపోకముందే.

మెలకువ రాగానే మొదట తెలిసింది నొప్పి కాదు, చలి. తర్వాత దాహం. నొప్పి అన్నిటికంటే చివర వచ్చింది, ఆలస్యంగా వచ్చిన చుట్టంలా, వచ్చాక పెద్దపీట తనే వేసుకుంది. ఐదు చోట్ల చిన్న కోతలు. ఐదింటికీ ఐదు రకాల నొప్పి. బొడ్డు పక్కది దగ్గితే కుడుతుంది. కుడి వైపుది దురద. ఎడమ వైపు పైది ఏమీ అనదు, కానీ అది అక్కడ ఉందని మర్చిపోనివ్వదు. అన్నిటికంటే వింత భుజం. కోసింది పొట్ట, నొప్పి భుజానికి. ఆపరేషన్‌కి పొట్టలో గాలి నింపుతారట, మిగిలిన గాలి వల్ల భుజం లాగుతుందట. రెండు మూడు రోజుల్లో అదే పోతుందని నర్సు చెప్పింది.

పక్క మంచం కండక్టరమ్మది. ఆవిడకి నాకంటే ముందు రోజు అయింది. రెండు గంటలకోసారి నర్సు అట్ట పట్టుకుని వస్తుంది.

"ఎంతమ్మా?"

"పదకొండు!"

"పది దాకానే ఉందమ్మా."

"మీ అట్ట చిన్నదైతే నేనేం చేసేది సిస్టర్? నాకు మాత్రం పదకొండు."

నర్సు నవ్వుకుంటూ సూదిమందు ఇచ్చి నా వైపు తిరిగింది. నేను కూడా అంతకు ముందు అరగంటగా మంచం అంచు పట్టుకునే ఉన్నాను. వేళ్ళు తెల్లబడ్డాయి. ఇదెంత అని న్యాయంగా ఆలోచించాను. రెండు కాదు. అలాగని అతి చేయకూడదు.

"మూడు" అన్నాను.

"చూశారా! ఓర్పంటే ఈ అమ్మాయిది" అంది నర్సు, కండక్టరమ్మకి వినపడేలా.

సంతోషమేసింది. నా శరీరం గురించి ఆస్పత్రిలో ఎవరైనా మెచ్చుకోలుగా మాట్లాడటం ఇదే మొదటిసారి.

"నువ్వు మనిషివా బొమ్మవా చెల్లీ?" అంది కండక్టరమ్మ, నర్సు వెళ్ళాక.

13వ తేదీ, గురువారం

ఇంటికి పంపేశారు. రోజూ పదింటికి ఆస్పత్రి నుంచి ఒక నర్సు ఫోన్ చేస్తుంది. అంకె చెప్పాలి. కండక్టరమ్మ నా నంబరు తన అరచేతి మీద రాసుకుంది.

14వ తేదీ, శుక్రవారం

ఆకలి లేదు. తగ్గడం కాదు, అసలు లేదు. ఇరవై ఆరేళ్ళుగా నాతో ఉన్నది. పరీక్ష హాల్లో, ప్రార్థనలో, ప్రూఫుల మధ్య, ఎప్పుడూ నా పక్కనే కూర్చునేది. దాన్ని తిట్టుకుంటూ ఇంత పెద్దదాన్నయ్యాను. ఇప్పుడు దాని చోటు ఖాళీగా ఉంటే అటే చూస్తున్నాను.

ముప్పై మిల్లీలీటర్ల కప్పులో పల్చటి సూపు. తాగడానికి ఇరవై నిమిషాలు. ప్రతి గుక్కా ఎంత దూరం వెళ్ళిందో తెలుస్తోంది. ఇంతకాలం గొంతు దాటాక ఏమవుతుందో నేనెప్పుడూ పట్టించుకోలేదు. అమ్మ గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

ఫోను: రెండు.

15వ తేదీ, శనివారం

భుజంలో గాలి ఇంకా పోలేదు. మొండి గాలి. ఎడమ భుజం ఒక్కటే. ఎడమ వైపు పడుకోలేను, వెల్లకిలా పడుకోలేను. పొద్దుటినుంచీ అమ్మ మిషను ముందు కుర్చీలో, బల్ల మీదికి వాలి కూర్చున్నాను. నవల ఒకే పేజీ పదకొండుసార్లు చదివాను. అందులో ఒక అచ్చుతప్పు ఉంది, అది ఏడోసారికి కనిపించింది. మామూలుగా మొదటిసారికే దొరుకుతుంది నాకు.

"ఎలా ఉందే?" అంది అమ్మ.

"పర్వాలేదు."

"మంచం మీద పడుకోవచ్చుగా."

"ఇక్కడ వెలుతురు బాగుంది."

అమ్మ కిటికీ చూసింది. మబ్బుగా ఉంది. 

ఫోను: మూడు.

16వ తేదీ, ఆదివారం

ఈ నొప్పి కొత్తది. కోతలది కాదు. ఎడమ పక్కటెముకల కింద, లోపల, ఎవరో బరువైన బీరువాని నేల మీద ఈడుస్తున్నట్టు. ఈడ్చి ఆపుతారు. ఆపగానే ఊపిరి తీసుకుంటాను. మళ్ళీ ఈడుస్తారు. ఎక్కడికి తీసుకెళ్తున్నారా అని చూస్తున్నాను. భుజం దాకా వెళ్తోంది.

ఇంత వివరంగా చూడగలుగుతున్నాను కాబట్టి అంత పెద్దది కాదేమో. నిజంగా పెద్ద నొప్పైతే పోలికలు తట్టవు కదా.

గుండె నిమిషానికి నూట ఇరవై. మెట్లెక్కినందుకేమో.

మెట్లెక్కలేదు.

ఒళ్ళు వెచ్చగా ఉంటే జ్వరం మందు తాగాను. జ్వరం తగ్గింది. నర్సు ఫోన్‌లో జ్వరం ఉందా అంటే లేదన్నాను. అప్పటికి లేదు.

"నొప్పి ఎంతమ్మా?"

"నాలుగు."

అనేశాక సిగ్గేసింది. నాలుగు మరీ ఎక్కువైందేమో. బస్సులో, లిఫ్టులో, అన్నిచోట్లా నలుగురికంటే ఎక్కువ చోటు తీసుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు నొప్పికి కూడా విడిగా చోటడిగితే ఏం బాగుంటుంది.

17వ తేదీ, సోమవారం

అంబులెన్సు వస్తోంది. చెప్పాను.

22వ తేదీ, శనివారం

ఇవాళ కూర్చోబెట్టారు. పొట్ట పక్క నుంచి ఒక గొట్టం, మంచానికి వేలాడే సంచిలోకి. అందులోకి ఏదో కారుతోంది. మొదట ఎర్రగా ఉండేదట, ఇప్పుడు గడ్డి రంగు. రోజూ రంగు చూస్తున్నాను. నాలోపలి నుంచి నేరుగా వస్తున్న ఉత్తరంలా ఉంది.

సోమవారం సంగతి రాయాలి.

ఆ రోజు పదింటికి ఫోను నర్సుకి మళ్ళీ నాలుగు అని చెప్పాను. పదిన్నరకి కండక్టరమ్మ ఫోన్ చేసింది. నన్ను తలుచుకుని కాదు, తన గొప్ప చెప్పుకోవడానికి. నిన్న బస్‌స్టాపు దాకా నడిచిందట.

"నీకెంతకొచ్చింది చెల్లీ?"

"నాలుగక్కా."

"నాలుగంటే గొంతు అలా ఉండదే. నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది."

"నాలుగే. నిజంగా."

"సరే, మరి ఐదంటే ఎలా ఉంటుంది నీకు?"

ఆలోచించాను. "నాకు ఐదెప్పుడూ రాలేదక్కా."

"ఎక్కడ రాలేదు?"

"స్కూల్లో."

అవతల చప్పుడు లేదు. ఆవిడ మాట్లాడకుండా ఉండటం నేను వినడం అదే మొదలు. అప్పుడు వ్యాసాల మదర్ సంగతి చెప్పాను. దేవుడి పది, మదర్ తొమ్మిది, అచ్చయిన వాళ్ళ ఎనిమిది, ఏడు. మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగాను. నవ్వుతుందనుకున్నాను.

"అంటే నీకు ఎక్కువలో ఎక్కువ నాలుగు."

"అవును."

"నీ బండిలో ఉన్నవే నాలుగు సీట్లు. నాలుగూ నిండాయి."

ఒకటి నుంచి నాలుగు దాకా వేళ్ళు ముడిచాను.

"ఫుల్లు బండి పెట్టుకుని నాలుగు, నాలుగు అని పాట పాడతావేంటే పిచ్చిమొహమా! ముందు కూర్చున్న డ్రైవరుకేం తెలుస్తుంది? వెనక ఎంతమంది ఉన్నారో నేను చెప్పాలి. నేను బెల్లు కొట్టకపోతే ప్రతి స్టాపులో ఎక్కించుకుంటూనే పోతాడు, తలుపు ఊడి పడేదాకా. పెట్టెయ్ ఫోను. ఆస్పత్రికి చెయ్. నన్ను తర్వాత తిట్టుకుందువుగాని."

చేశాను. ఎత్తింది రోజూ మాట్లాడే నర్సే.

"పొద్దున నాలుగన్నారు కదమ్మా?"

"అవునండీ."

"ఇప్పుడెంత?"

"నాలుగు" అన్నాను.

నోరు దానంతటదే అంది. ఆవిడ సరేనమ్మా అంటూ ఫోను పెట్టేయబోతోంది. ఆ క్షణం చాలా స్పష్టంగా గుర్తుంది. తప్పున్న పేజీ ఆఫీసులో నా బల్ల మీది నుంచి అచ్చు మిషను గదికి వెళ్ళిపోతుంటే చూస్తున్నట్టుంది. ఒకసారి అచ్చయితే ఇక అది తప్పు కాదు, పుస్తకం.

"ఆగండి" అన్నాను.

నేను ఎవరినైనా ఆగమన్నది అదే మొదటిసారి అనుకుంటాను.

"తప్పు చెప్పాను. దిద్దుకుంటాను. తొమ్మిది."

"తొమ్మిదా?"

"నిన్న కూడా తొమ్మిదే. మొన్న చెప్పిన మూడు, ఏడు. ఎడమ వైపు, లోపల, భుజం దాకా. గుండె నూట ఇరవై నాలుగు. మెట్లెక్కలేదు. జ్వరం మందు తాగి జ్వరం లేదన్నాను."

ముందు గదిలో అమ్మ మిషను చప్పుడు ఆగింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఎవరిదో చొక్కా చెయ్యి. తనకి ఎంతసేపటి నుంచి వినపడుతోందో తెలియదు.

ఫోనులో నర్సు గొంతు మారింది. కోపంగా కాదు. చురుగ్గా. "కదలకండి. అడ్రసు చెప్పండి."

పది అనలేదు. అది ఇంకా దేవుడిదే.

23వ తేదీ, ఆదివారం

సర్జన్ వచ్చారు. కుట్టు అంచున ఒక చోట గింజంత కన్నం పడిందట. లోపలిది బయటికి కారి చీము పట్టింది. శుభ్రం చేసి గొట్టం పెట్టారు. ఇలా అరుదుగా, వందలో ఒకరికో ఇద్దరికో అవుతుందట.

"మీవల్ల అవలేదు. కానీ ఇంకో రోజు ఆగి ఉంటే..." అని ఆయన చీటీ తిరగేశారు.

"ఆగి ఉంటే?" అన్నాను.

కళ్ళెత్తి చూశారు. "ఈ ప్రశ్న అడిగేవారు కాదు."

ఆయన వెళ్ళబోతుంటే ఇంకోటి అడిగాను. తీసేసిన ముక్క ఎంత ఉందని. ఆయన తన ముంజేతిని మణికట్టు నుంచి మోచేతికి కాస్త ఇవతల దాకా చూపించారు. దాదాపు జానెడు. నేనింకా పెద్దదనుకున్నాను. అంత చిన్నదాని మాట విన్నానా ఇన్నాళ్ళూ.

మధ్యాహ్నం వార్డు నర్సు వచ్చింది, మొదట్లో నా ఓర్పుని మెచ్చుకున్నావిడ. అట్ట తీయకుండా కాసేపు దుప్పటి సర్దింది.

"ఆ రోజు మెచ్చుకోకుండా ఉండాల్సింది" అంది.

"నాకు బాగుందండీ అప్పుడు."

"అదే మరి" అంది. తర్వాత అట్ట తీసింది. "ఇప్పుడు?"

"ఆరు. గొట్టం దగ్గర. కదిలితే ఏడు."

రాసుకుంది. మందు తెచ్చింది. అంతే. ఆవిడ కనుబొమ్మ కూడా కదల్లేదు. ఆ అంకెలు ఎవరో దాచిపెట్టినవనుకున్నాను. అందరి ఎదుటా అట్ట మీదే ఉన్నాయి.

25వ తేదీ, మంగళవారం

గొట్టంలో ఇవాళ దాదాపు ఏమీ రాలేదు. శుక్రవారం తీసేస్తారట.

అమ్మ ఎనిమిది రోజులుగా మంచం పక్క ప్లాస్టిక్ కుర్చీలోనే ఉంటోంది. కుట్టాల్సిన బట్టలకి వేరేవాళ్ళని చూసుకోమని ఫోనులో చెప్పేసింది. సోమవారం గురించి నాతో ఒక్క మాట అనలేదు. పొద్దున జడ వేస్తూ మాత్రం, "నేను పక్క గదిలోనే ఉన్నాను కదే" అంది. నాకు కాదు, జడకి చెప్పినట్టు.

ఇందాక సీసాలో నీళ్ళు పట్టుకురావడానికి లేచింది. లేస్తూ గోడ పట్టుకుంది. లేచాక, ఏదో మర్చిపోయి గుర్తు చేసుకుంటున్నట్టు ఒక నిమిషం అలాగే నిలబడింది. అమ్మ ఏదీ మర్చిపోదు.

"నడుమా?" అన్నాను.

"ఏం లేదే."

"పదికి ఎంత?"

"నాకెందుకే అవన్నీ? రోగివి నువ్వు."

"చెప్పు."

"ఒకటి. మహా అయితే రెండు."

ఊరుకోబోయాను. అమ్మ ఏం లేదంటే ఏం లేదనే ఇన్నేళ్ళూ నేనే నమ్మాను, వేరే ఎవరో కాదు.

"మొత్తం ఎన్నున్నాయి నీ దగ్గర?"

"మొత్తం అంటే?"

"ఎక్కువలో ఎక్కువ. నన్ను కన్నప్పుడు ఎంత?"

అమ్మ నవ్వబోయి ఆగింది. సీసా రెండు చేతులతో పట్టుకుని కిటికీ వైపు చూసింది. నా కోసం కాదు, నిజంగానే లెక్క వేసుకుంది. నాకంటే ఎక్కువసేపే వేసుకుంది.

"రెండున్నర" అంది.

గొట్టం ఇవతలికి సర్దుకుని, మంచం కడ్డీ పట్టుకుని గోడ వైపు జరిగాను. జరుగుతుంటే ఏడు. జరిగాక ఐదు.

"ఇలా వచ్చి నడుం వాల్చు" అన్నాను.

"ఇద్దరం ఎక్కడ పడతామే ఇందులో?"

పట్టాం.